సీట్లు పీకేసిన డకోటా

1947 అక్టోబర్ 27. ఇంకా తెల్లవారలేదు. ఢిల్లీ విల్లింగ్డన్ విమానాశ్రయంలో మీ ముందున్న డకోటా సైన్యానిది కాదు. నిన్నటిదాకా టికెట్టు కొన్నవాళ్లను ఊరి నుంచి ఊరికి చేర్చిన విమానం. రాత్రికి రాత్రి సీట్లు పీకేశారు. రైఫిల్ ఒళ్లో పెట్టుకుని చల్లటి రేకు నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చోండి. నడుం కింద బోల్టు ఏదో గుచ్చుకుంటుంది. జరగడానికి చోటు లేదు.

మీరు ఒకటో సిక్కు బెటాలియన్ జవాన్లు. నిన్నటిదాకా గుర్‌గావ్‌లో మతకల్లోలాలు అదుపు చేసే పనిలో ఉన్నారు. కాశ్మీర్ మహారాజు భారత్‌లో చేరుతూ సంతకం చేసింది నిన్ననే. మిమ్మల్ని శ్రీనగర్ చేర్చడానికి పౌర విమానాలూ వాయుసేనవీ కలిపి వందకు పైగా సమీకరించారు.

ఇంజన్ల హోరులో పక్కవాడి మాట వినపడదు. బనిహాల్ కనుమ దాటాలంటే తొమ్మిది వేల అడుగుల పైకి వెళ్లాలి. చెవులు దిబ్బెళ్లు పడతాయి, వేళ్లు కొంకర్లు పోతాయి. కిటికీలోంచి చూస్తే రెక్క కిందే కొండలు.

ముందు విమానంలో ఉన్న మీ కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ దివాన్ రంజిత్ రాయ్‌కి ఢిల్లీ చెప్పి పంపింది ఇది: దిగేముందు పైన చుట్టు తిరిగి చూడండి, శ్రీనగర్ విమాన మైదానం శత్రువు చేతిలో ఉంటే జమ్మూకు మళ్లండి. పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన గిరిజన దాడిదారులు నిన్ననే బారాముల్లాలో జొరబడ్డారు. అక్కడి నుంచి శ్రీనగర్ యాభై అయిదు కిలోమీటర్లే. మహురా విద్యుత్ కేంద్రం దెబ్బతిని నగరం చీకట్లో ఉంది. వాళ్లు దోపిడీకి దిగి బారాముల్లాలో ఆగిపోయారు కనుకే ఈ ఉదయం మైదానం ఖాళీగా ఉంది. ఆ ఊరి జనం పడిన నరకం మీకు దిగడానికి వ్యవధి ఇచ్చిందన్నది తలుచుకోవడానికే కష్టమైన నిజం.

దిగుతున్నారు. అది మట్టి రన్‌వే. ముందు దిగిన విమానం లేపిన దుమ్ము మీ పైలట్ కళ్లకు అడ్డం. చక్రాలు నేలకు కొట్టుకోగానే అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. తలుపు తెరుచుకుంటుంది. దూకండి, పెట్టెలు దించండి.

ఆ పైలట్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన సైన్యంలో చేరలేదు, యుద్ధానికి వస్తానని ఎవరికీ మాటివ్వలేదు. ఉద్యోగం జనాన్ని చేరవేయడం. అయినా శత్రువు ఎక్కడున్నాడో రూఢిగా తెలియని చోట మిమ్మల్ని దించాడు. ఇక్కడ పెట్రోలు దొరకదు, తెచ్చుకున్నదాంతోనే తిరిగి వెళ్లాలి. నా దృష్టిలో ఆ ధైర్యం మీ ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు.

కర్నల్ రాయ్ మిగతా బెటాలియన్ కోసం ఆగలేదు. నగరానికి చేరువలో కాచుకోవడం కన్నా బారాముల్లా దారిలోనే ఎదురొడ్డాలని ఆయన నిర్ణయం. ఆ పోరులోనే ఆయన నేలకొరుగుతారు, మరణానంతరం మహావీర్ చక్ర వస్తుంది. ఇప్పుడు మాత్రం లారీ దగ్గర నిలబడి తొందర పెడుతున్నారు. మీరు ఎక్కుతున్నారు. వెనక మీ డకోటా మళ్లీ దుమ్ము లేపుతోంది. ఢిల్లీలో తక్కిన కంపెనీలు వరసకట్టి ఉన్నాయి.