వెనక బ్రేకు వంశవృక్షం

1980ల నాటి ప్యుజో 205 కారుకి వెనక బ్రేకు షూలు కావాలని ఫ్రాన్సులో స్పేరుపార్టుల దుకాణానికి వెళితే, కౌంటరు దగ్గర ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘‘బెండిక్సా, గిర్లింగా?’’ ఒకే మోడల్లో కొన్ని కార్లకి ఒక కంపెనీ బ్రేకులు, కొన్నిటికి రెండో కంపెనీవి బిగించి అమ్మారు. డ్రమ్ము ఊడదీసి లోపల చూస్తే తప్ప ఏది ఉందో చెప్పడం కష్టం. రెండు రకాల షూలూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, ఒకదాని చోట రెండోది కూర్చోదు. మధ్యలో ఎవరో కూర్చోబెట్టి ఉంటే, అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి.

ఈ తికమక ఒక్కనాడు పుట్టింది కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి కారు తోలుకెళ్ళింది. చక్రాన్ని ఒరుసుకుని ఆపే చెక్కదిమ్మెలు దిగుడు దారిలో అరిగిపోతుంటే, దారిలో ఒక చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. ఇవాళ మెకానిక్కులు లైనింగ్ అనేదానికి మూలం ఆ తోలుముక్కే. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో ఇదే పనిని పరిశ్రమగా మార్చాడు. తన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, ఇంకో అక్షరం కలిపి ఫెరోడో అని పేరు పెట్టాడు. తర్వాత లైనింగుల్లోకి రాతినార వచ్చింది, దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వినదీ ఆ రాతినారే. దాని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తేలాక చాలా దేశాలు వాడకం మానేశాయి. పాత కారు డ్రమ్ములోని దుమ్ముని నోటితోనో, కంప్రెసర్ గాలితోనో ఊదే అలవాటు మాత్రం కొన్ని షెడ్లలో ఇంకా పోలేదు. దాన్ని తడిపి తుడవాలి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు.

డ్రమ్ము సంగతికొస్తే, 1902లో లూయీ రెనో దాన్ని స్థిరపరిచాడని చరిత్రకారులు రాస్తారు. అప్పటిదాకా ఎక్కువగా వాడిన బయటి పట్టీ బ్రేకులు వానకి, బురదకి జారేవి. షూలని డ్రమ్ము లోపల దాచాక ఆ బాధ తగ్గింది. పైగా ఒక వింత బయటపడింది. తిరిగే డ్రమ్ము ఒక షూని తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది, రెండోదాన్ని నెట్టేస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు షూలు చేసే పని ఒకటి కాదన్నమాట. ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ పెరో బ్రేకుల హక్కులు తీసుకుని అమెరికాలో విన్సెంట్ బెండిక్స్ 1924లో కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ పేరుతో ప్రసిద్ధికెక్కిన డ్యుయో సర్వో బ్రేకులో ముందు షూ కింద నుంచి వెనక షూని నెడుతుంది. అంటే శ్రమలో ఎక్కువ భాగం వెనక షూ మీదే. అందుకే దానికి లైనింగు పొడుగు, ముందుదానికి పొట్టి.

ఇంగ్లండులో ఆల్బర్ట్ గిర్లింగ్ 1925లో వేరే దారి పట్టాడు. మేకులాంటి చీలతో షూలని విడదీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇక గొట్టంలో ఆయిలు ఒత్తిడితో బ్రేకు వేసే ఆలోచన మాల్కం లాక్‌హీడ్‌ది. విమానాలు కట్టిన లాక్‌హీడ్‌కి ఈయన అన్న. 1921 డ్యూసెన్‌బర్గ్‌తో అది కార్లలోకి వచ్చింది. ఫోర్డు మాత్రం 1939 దాకా కడ్డీలు, కేబుళ్ళే పట్టుకు వేలాడింది. గిర్లింగు తర్వాత లూకాస్ కంపెనీ గూటికి చేరింది. ఆ వంశం మనదాకా కూడా వచ్చింది: 1962లో టీవీఎస్ వాళ్ళతో కలిసి మద్రాసు దగ్గర పాడిలో పెట్టిన బ్రేక్స్ ఇండియా ద్వారా.

ఆయిలు వచ్చాక వీల్ సిలిండరు వచ్చింది, దాంతోపాటు కొత్త తప్పుకి చోటొచ్చింది. పైకి ఒకే పోతలా కనిపించే సిలిండర్లలో లోపలి బోరు వేరుగా ఉండొచ్చు. ‘ఫైవ్ బై ఎయిట్’ ఉండాల్సిన చోట ‘త్రీ బై ఫోర్’ పెడితే తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. కానీ బలం వైశాల్యాన్ని బట్టి వస్తుంది. లెక్క కడితే అదే ఒత్తిడికి 44 శాతం ఎక్కువ తోపు. ఒక్క పక్కనే పెడితే బ్రేకు వేసినప్పుడు ఆ పక్క చక్రం ముందుగా పట్టేస్తుంది. రెండు పక్కలా పెడితే ఇంకా ప్రమాదం. బ్రేకు వేయగానే బరువు ముందుకి ఒరిగి వెనక చక్రాలు తేలికవుతాయి. అవి లాకయ్యాయంటే తోక తిరిగిపోతుంది, వానరోడ్డు మీదయితే చెప్పక్కర్లేదు. వెనక బోరు చిన్నదిగా పెట్టింది కంపెనీవాడి పిసినారితనం కాదు.

డ్యుయో సర్వో ఉన్న పాత అమెరికన్ కార్లలో తరచూ కనిపించే పొరపాటు మరొకటి. డబ్బాలో నాలుగు షూలుంటాయి, రెండు పొట్టి లైనింగువి, రెండు పొడుగువి. పొట్టివి రెండూ ఒక చక్రానికి, పొడుగువి రెండూ ఇంకో చక్రానికి బిగించేస్తారు. చూపుకి జతలు చక్కగా కుదిరాయి! కారేమో పక్కకి లాగుతుంది. నిజానికి ప్రతి చక్రంలో బండి ముందువైపు పొట్టిది, వెనకవైపు పొడుగుది ఉండాలి. అడ్జస్టరు పళ్ళచక్రం కూడా ఇంతే. ఎడమదాని మర వేరు, కుడిదాని మర వేరు. తారుమారైతే షూలు అరిగేకొద్దీ బిగుసుకోవాల్సిన అడ్జస్టరు వదులవుతుంది, పెడల్ రోజురోజుకీ కిందికి దిగుతుంది. గాలి పట్టిందేమోనని ఆయిలు ఎంత బ్లీడ్ చేసినా లాభం ఉండదు.

డ్రమ్ము లేత్ పట్టించిన కార్లలో ఇంకో సూక్ష్మం ఉంది. ఒక్క పక్క డ్రమ్మునే కోయిస్తే దాని లోపలి వంపు పెద్దదై, కొత్త షూ మధ్యలో మాత్రమే ఆనుతుంది. కొన్నాళ్ళు తిరిగాక విప్పి చూడండి, లైనింగు నడుము మెరుస్తూ, కొసలు మసిగా, అంటనట్టే ఉంటాయి. కోయగల గరిష్ఠ కొలత చాలా డ్రమ్ముల మీదే పోతపోసి ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ.

ఇంతకీ వెనక డ్రమ్ములు ఎందుకు మిగిలాయి? 1953లో డిస్కు బ్రేకులతో జాగ్వార్ ల మాన్ రేసు గెలిచాక ముందు చక్రాలు క్రమంగా డిస్కుల వైపు వెళ్ళాయి. వెనక అంత వేడి పుట్టదు, పైగా హ్యాండ్ బ్రేకు కేబుల్‌ని షూకి తగిలించడం తేలిక, చౌక.

పాత కారు వెనక బ్రేకు పక్కకి లాగుతున్నా, ఒక చక్రమే వేడెక్కుతున్నా వెంటనే కొత్త సామాను కొనకండి. మొదట వెనక డ్రమ్ములు రెండూ ఒకేసారి విప్పించి, రెండు పక్కలా ఫోటోలు తీసుకుని, షూ వెడల్పు, లైనింగు పొడుగు, సిలిండరు మీది అంకె, డ్రమ్ము లోపలి కొలత పోల్చి చూడండి. స్పేరుపార్టుల కోసం రాణిగంజ్‌కైనా, విజయవాడ ఆటోనగర్‌కైనా పాత ముక్కని చేత్తో పట్టుకునే వెళ్ళండి. కొన్నాక రెండు చక్రాలకీ కలిపే మార్పించండి.