గ్రీకుల విధిదేవతలు

ప్రాచీన గ్రీసు దేశమున స్త్రీలు ఇంటింట తకిలితో ఉన్ని వడకుచుండెడివారు. మానవుని ఆయువును కూడ ఆ జాతివారు అట్టి దారముగనే భావించిరి. ఆ దారము ముగ్గురు అక్కచెల్లెండ్ర చేతిలో నుండును. క్లోతో అనగా వడకునది. లాకెసిస్ అనగా వంతులు పంచునది. అట్రోపోస్ అనగా మరలింపరానిది. ముగ్గురికిని కలిపి ‘మొయిరాయి’ అని పేరు. వీరే విధిదేవతలు.

‘మొయిరా’ అను పదమునకు మూలార్థము వంతు, లేక పాలు. విందులోని మాంసమునందు గాని, భూమియందు గాని ఒకనికి వచ్చు భాగమును ఆ మాటతోనే చెప్పెడివారు. ఆయువు కూడ అట్టి పాలే. దానిని మీరుట మర్యాద కాదు.

మరి ఈ మర్యాద దేవతలకును కలదా? హోమరు ‘ఇలియడ్’ 16వ సర్గమున ఈ ప్రశ్న ఎదురగును. దేవరాజైన జియస్ కుమారుడు సర్పెడాన్ యుద్ధమున పట్రోక్లస్ చేత మరణింపవలసియున్నాడు. కాపాడుదునా, విడుతునా అని తండ్రి మనస్సు ఊగులాడెను. అంతట భార్యయైన హీరా, నీవు నీ కుమారుని తప్పించినచో తక్కిన దేవతలును తమ బిడ్డలను తప్పింప జూతురని హెచ్చరించెను. నీకు శక్తి లేదని ఆమె అనలేదు. జియస్ నేలపై రక్తబిందువులను వర్షించి ఊరకుండెను.

క్రీ. పూ. 700 ప్రాంతమువాడైన హెసియడ్ తన ‘థియోగొనీ’ కావ్యమున వీరికి రెండు జన్మములు చెప్పినాడు. ఒకచోట వీరు రాత్రి కన్న బిడ్డలు. మరియొకచోట జియస్‌కును, ధర్మదేవత థెమిస్‌కును పుట్టిన కుమార్తెలు. విధి గ్రుడ్డిచీకటియా, ధర్మవ్యవస్థయా అను సందేహము ఆనాడే కలదన్నమాట.

విధియే సర్వమును నిర్ణయించినచో మానవుని తప్పొప్పులకు బాధ్యుడెవడు? క్రీ. పూ. 4వ శతాబ్దమున ప్లేటో ‘రిపబ్లిక్’ 10వ భాగమున దీనికి ఒక కథతో సమాధానమిచ్చెను. యుద్ధమున మరణించి 12వ దినమున చితిపై మేల్కొనిన ఎర్ అను వీరుడు పరలోకమున చూచినది చెప్పుచున్నాడు. మరల పుట్టవలసిన ఆత్మలు లాకెసిస్ ఎదుట నిలిచినవి. చీట్లు వరుసను మాత్రమే నిర్ణయించును. జీవితమును ఎన్నుకొనవలసినది ఆత్మయే. మొదటి చీటి వచ్చినవాడు తొందరపడి నిరంకుశ ప్రభువు జీవితమును అందుకొనెను. తన బిడ్డలనే భక్షింపవలసిన దుర్గతి అందున్నదని పిదప గ్రహించి, దేవతలను నిందించుచు రొమ్ము బాదుకొనెను. కడపటి చీటి ఒడిస్సియస్‌ది. పూర్వజన్మ శ్రమలను తలచుకొని, ఎవ్వరును కోరక మూలపడియున్న ఒక సామాన్యుని జీవితమును వెదకి, మొదటి చీటి వచ్చియున్నను దీనినే కోరుకొనియుందునని సంతోషించెను.

ఆ తరువాతనే క్లోతో ఆ ఎన్నికను స్థిరపరచును. అట్రోపోస్ దానిని మరలింపరానిదిగా చేయును. వడకు చేయి వారిదే. ఉన్నిని ఎంచుకొన్న చేయి మాత్రము మనది.