పట్టు, పట్టీ, పట్టించు

మర్పల్లి దిక్కున నెత్తి నొస్తే శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తారు. దెబ్బ తగిలితే పట్టీ కడతారు. వినడానికి తోబుట్టువుల్లా ఉన్నా ఈ రెంటికీ చుట్టరికం లేదు. పట్టు ద్రావిడ ధాతువు, తమిళంలో పఱ్ఱు. నుదుటి లేపాన్ని తమిళులూ వాడుకలో ‘పత్తు’ అనే అంటారు. పట్టీ మాత్రం గుడ్డపేలిక అనే అర్థమున్న సంస్కృత పట్టం, హిందీ ఉర్దూల మీదుగా వచ్చి చేరింది. వికారాబాదు నుంచి మర్పల్లి, జహీరాబాదు మీదుగా బీదరుకు పోయే రైల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం పక్కపక్కనే కూర్చుంటాయి. అక్కడ ఈ రెండు మాటలూ కలగలిసిపోతే వింతేముంది?

ఇప్పుడు కరెంటుతో చర్మంలోంచి మందు ఎక్కించే ప్యాచ్‌లు వచ్చాయి. ఆ పద్ధతి పేరు అయాంటోఫోరెసిస్. నోరు తిరగదు గానీ, లోపలున్నవి తెలిసిన ముఖాలే. గ్రీకులో అయాన్ అంటే పోయేది, ఫోరెసిస్ అంటే మోయడం. మొదటిది ఉత్తరాయణంలోని అయనానికి, రెండోది భారానికి దాయాది.

చర్మం పైపొర వెంట్రుక కంటే పల్చన. అయినా విద్యుదావేశమున్న మందును సులువుగా లోపలికి రానివ్వదు. అందుకని ధనావేశమున్న మందును ధనధ్రువం కింద పెడతారు. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక, మిల్లీఆంపియర్లలో కొలిచే కరెంటే దాన్ని లోపలికి తోసేస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి శాస్త్రవేత్త స్తెఫాన్ లెదూక్ రెండు కుందేళ్లను ఒకే సర్క్యూట్‌లో కలిపాడు. ఒకదానికి ధనధ్రువం దగ్గర ధనావేశమున్న స్ట్రిక్నీన్ విషం, రెండోదానికి ఋణధ్రువం దగ్గర ఋణావేశమున్న సయనైడ్. రెండూ చచ్చాయి. ధ్రువాలు తారుమారు చేసినప్పుడు కుందేళ్లకు ఏమీ కాలేదు. దుర్మార్గపు ప్రయోగమే, కానీ అనుమానానికి చోటు మిగల్చలేదు.

ఈ తోయడానికి మనకు మాట ఎప్పటినుంచో ఉంది: పట్టించడం. నూనె తలకు పట్టిస్తాం. తిన్నది ఒంటికి పట్టిందంటాం. పైన అంటుకోవడానికీ లోపలికి ఇంకడానికీ తెలుగు ఒకే క్రియతో సరిపెట్టుకుంది. ఈ ప్యాచ్‌ను తెలుగులో ‘విద్యుత్ పట్టీ’ అంటే వస్తువు ఆకారం చెప్పి, అది చేసే పని చెప్పకుండా వదిలేసినట్టే.

శొంఠి పట్టు వేసే నెత్తినొప్పికే ఇలాంటి ప్యాచ్ ఒకటి వచ్చింది. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జెక్యూటీ అనే ప్యాచ్‌కు అనుమతిచ్చింది. పార్శ్వపు నొప్పికి వాడే సుమట్రిప్టాన్‌ను అది బ్యాటరీతో నాలుగు గంటల్లో ఒంటికి పట్టించేది. ఆ నొప్పితో వాంతులయ్యేవాళ్లకు గోలీ కడుపులో నిలవదు, అందుకే చర్మం దారి పట్టారు. 2015లో టెవా కంపెనీ అమ్మకానికి తెచ్చింది. చర్మం కాలి మచ్చలు పడుతున్నాయని 2016 జూన్‌లో ఆపేసింది. అంటించినచోట నొప్పి ఎక్కువైతే వెంటనే పీకేయమని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. శొంఠి పట్టు కూడా మండుతుంది. మండితేనే మందు పట్టినట్టని ఓర్చుకునేవాళ్లు మనలో చాలామంది. ఆ ఓర్పు బ్యాటరీ ప్యాచ్ దగ్గర పనికిరాదు.