కార్బన్ క్రెడిట్ల కొనుగోలుదారులు

ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆపినందుకు, లేదా కలిసినదాన్ని వెనక్కి తీసినందుకు ఇచ్చే ధ్రువపత్రమే కార్బన్ క్రెడిట్. కొనేవారిలో కొందరికి చట్టం తప్పనిసరి చేసింది. మిగిలినవారు తమంతట తామే కొంటున్నారు. మధ్యలో లాభానికి కొని అమ్మే దళారులూ ఉంటారు.

ఈ మార్కెట్‌కు తొలి ఊపు చట్టం వల్లే వచ్చింది. 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు ఉద్గారాల లక్ష్యాలు పెట్టి, భారత్, చైనా వంటి దేశాల ప్రాజెక్టుల నుంచి క్రెడిట్లు కొనుక్కునే వెసులుబాటు ఇచ్చింది. ఐరోపా పరిశ్రమలు విరివిగా కొన్నాయి. తర్వాత అక్కడ గిరాకీ పడిపోయి ధరలు కుప్పకూలాయి. 2021 నుంచి ఐరోపా ఉద్గార మార్కెట్ బయటి క్రెడిట్లను అసలు ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు అంతర్జాతీయ విమానయాన సంస్థలు, విమానాల ఉద్గారాల కోసం పెట్టిన కోర్సియా పథకం కింద కొంటున్నాయి. సింగపూర్‌లో కార్బన్ పన్ను కట్టే కంపెనీలు, పన్ను పడే ఉద్గారాల్లో 5 శాతం వరకు విదేశీ క్రెడిట్లతో సర్దుకోవచ్చు.

స్వచ్ఛందంగా కొనేవారి కారణాలు వేరు. మదుపరులు అడుగుతారు, ఖాతాదారులు చూస్తారు, పేరు వస్తుంది. 2030 నాటికి తాను వదిలేదానికన్నా ఎక్కువ కార్బన్‌ను తొలగిస్తానని 2020లో ప్రకటించిన మైక్రోసాఫ్ట్ ఈ కోవలో పెద్ద కొనుగోలుదారు.

మన అరకు ఇందుకు దగ్గరి ఉదాహరణ. అక్కడి గిరిజన రైతుల పొలాల్లో కాఫీతో పాటు పండ్ల చెట్లు, నీడ చెట్లు నాటడానికి నాంది ఫౌండేషన్ చేపట్టిన పనికి ఫ్రాన్స్‌కు చెందిన లైవ్లీహుడ్స్ ఫండ్ పెట్టుబడి పెట్టింది. డానోన్ వంటి కంపెనీలు అందులో భాగస్వాములు. పంట రైతుది, చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు వచ్చే క్రెడిట్లు మదుపు పెట్టినవారివి. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ముందే డబ్బు పెట్టే ఇలాంటి కొనుగోలుదారు లేకపోతే మొక్క నేలలో పడదు.

అన్ని క్రెడిట్లూ ఇంత గట్టివి కావు. క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా అనే సంస్థ ఆమోదించిన అటవీ క్రెడిట్లలో చాలా భాగం నిజమైన తగ్గింపును చూపడం లేదని 2023లో బ్రిటన్, జర్మనీ పత్రికల పరిశోధన ఆరోపించింది; వెర్రా దాన్ని ఖండించింది. కొనేవారికి చౌకదనమే ముఖ్యమైనప్పుడు నాసిరకానికి గిరాకీ పెరగక తప్పదు.

భారత్ 2023లో సొంత కార్బన్ క్రెడిట్ల పథకాన్ని నోటిఫై చేసింది. దాని కింద లక్ష్యం అందుకోలేని సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలు లోటు మేరకు క్రెడిట్లు కొనాలి. చట్టం వల్ల కొన్నా, తనంతట తానే కొన్నా, ‘కార్బన్ న్యూట్రల్’ అని చెప్పుకునే కంపెనీ కనబడితే, కొన్న క్రెడిట్లను పక్కన పెట్టి, సొంత పొగ ఎంత తగ్గించుకుందో ముందు అడగాలి.