మహాగనీ పలక మీద డెట్రాయిట్ ముద్ర

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున అల్గొనాక్ అనే చిన్న ఊరుంది. 1874లో పదమూడేళ్ల క్రిస్ స్మిత్ తన మొదటి పడవను అక్కడే కట్టాడు. బాతుల వేటగాళ్లకు పడవలు కడుతూ చేయి తిరిగిన ఆ మనిషి, 1922లో కొడుకులతో కలిసి ఒక కంపెనీ పెట్టాడు. తర్వాతి కాలంలో క్రిస్-క్రాఫ్ట్ పేరుతో లోకమంతా ఎరిగినది అదే. కార్ల రాజధాని డెట్రాయిట్ అక్కడికి దగ్గరే. ఆ పొరుగు మహిమ ఎంతటిదో తెలియాలంటే, ఆ పాత మోటారు పడవల్లో ఒకదాని స్టీరింగ్ ముందు కూర్చుని డ్యాష్‌బోర్డ్ చూస్తే చాలు.

పడవంతా వడ్రంగి పనితనం. ఆ ఒక్క పలక మాత్రం కార్ల పరిశ్రమ పెట్టిన సంతకం. స్మిత్‌లు తొలి పడవలకు మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన కర్టిస్ ఓఎక్స్-5 విమాన ఇంజన్లు బిగించారు. మీటర్లూ అంతే, బయటి నుంచి కొన్నవే. చాలా క్రిస్-క్రాఫ్ట్‌లలో కనిపించే స్టూవర్ట్-వార్నర్ మీటర్లు షికాగో కంపెనీవి. ఆ సంస్థ మూలం కార్ల స్పీడోమీటర్ల వ్యాపారంలో ఉంది. కొత్తగా కారు నడపడం నేర్చిన డబ్బున్నవాడు నీటి మీదా బెదురు లేకుండా చక్రం తిప్పడానికి, తనకు అలవాటైన ఆ ముళ్ల వరసే ధైర్యమిచ్చి ఉంటుంది.

ఈ మీటర్ల వెనుక ఉన్న భౌతికశాస్త్రం పడవకంటే చాలా పాతది. ఆయిల్ ప్రెషర్ మీటరులో వంపు తిరిగిన సన్నని లోహపు గొట్టం ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే అది కొద్దిగా విచ్చుకుంటుంది, తిరునాళ్లలో పిల్లలు ఊదే కాగితపు బూర లాగా. ఆ కొంచెం కదలికే పళ్లచక్రాల మీదుగా ముల్లును తిప్పుతుంది. ఆవిరి యంత్రాల కాలంలో, 1849లో, యూజీన్ బూర్డోన్ అనే ఫ్రెంచివాడు దీనికి పేటెంటు పొందాడు. వేగం చూపే మీటరు కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. 1732లో హెన్రీ పీటో పారిస్‌లో సీన్ నది ప్రవాహాన్ని కొలవడానికి ఒక గొట్టాన్ని వాడాడు. పడవ అడుగున ముందుకు మొహం పెట్టి బిగించే గొట్టం ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. వేగం రెండింతలైతే నీటి ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే పడవ మెల్లగా పోతున్నప్పుడు ఆ ముల్లు చెప్పేది పెద్దగా నమ్మదగింది కాదు. అది పాడైన మీటరు లక్షణం కాదని తెలియక, బాగున్నదాన్ని విప్పి చెడగొట్టుకునేవాళ్లున్నారు.

ఇంజన్ వేడిని చూపే మీటరుది మరీ సున్నితమైన వ్యవహారం. ఇంజన్ నీటిలో మునిగి ఉండే చిన్న లోహపు బుడ్డిలో ఈథర్ ఉంటుంది. వేడికి దాని ఆవిరి ఒత్తిడి పెరిగి, వెంట్రుకంత సన్నని రాగి గొట్టం గుండా మీటరును చేరుతుంది. దశాబ్దాల కుదుపులకు ఆ గొట్టం ఎక్కడో చిట్లుతుంది, ఈథర్ ఎగిరిపోతుంది, ముల్లు పడిపోతుంది. బాగుచేసేవారు మరో మీటరు బుడ్డిని ఉప్పు కలిపిన మంచులో ముంచి, లోపలి ఈథర్ ద్రవంగా ఉన్నప్పుడే గొట్టం కోసి పాత మీటరుకు టంకం వేస్తారు. ఈథర్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఇది నిపుణులకు వదిలేయాల్సిన పని. కరెంటుతో పనిచేసే పెట్రోలు మీటరుకు మరో గండం ఉంది. అది 6 వోల్టుల కాలం నాటిది; ఎవరో సౌకర్యం కోసం 12 వోల్టుల బ్యాటరీ పెడితే కాలిపోతుంది.

ఇక చెక్క. క్రిస్-క్రాఫ్ట్ వాడినది ఎక్కువగా ఫిలిప్పీన్స్ మహాగనీ. వృక్షశాస్త్రం ప్రకారం అది అసలు మహాగనీ కుటుంబానిదే కాదు. ఆ పేరుతో అమ్మిన కలప ఎక్కువగా శోరియా ప్రజాతిది. మన సాల చెట్టుకూ, శేషాచలం కొండల జాలారికీ దగ్గరి చుట్టం. దాని రంధ్రాలను రంగు కలిపిన ముద్దతో నింపి, ఆరాక వార్నిష్ వేయాలి. ఒక పూత, ఉప్పు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. పది దాటాక కానీ లోతైన మెరుపు రాదు. తొందరపడి మందంగా వేసిన వార్నిష్ ముడతలు పడుతుంది.

అసలు చిక్కు బొక్కల దగ్గర వస్తుంది. 1950లలో ఒక యజమాని రేడియో కోసం తొలిచాడు, ఇంకొకడు లోతు కొలిచే యంత్రం కోసం. వాటిని ఏం చేయాలి? కొందరు పలకనే మార్చేస్తారు. అది తేలిక, కానీ నష్టం. అదే జాతి చెక్క ముక్కను, దాని నారల దిశ పాత పలకతో కలిసేలా చూసుకుని అతికితే, అసలు పలక బతుకుతుంది. మీటర్లదీ ఇదే సంగతి. అచ్చు పాతవాటిలా ఉండే కొత్తవి ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా వెలసిన అంకెల పళ్లేన్ని ఉంచి లోపలి యంత్రాన్ని మాత్రమే బాగుచేయడం మేలైన దారి. పాలిపోయిన ఆ అక్షరాలను ఏ ముద్రణా తిరిగి తేలేదు.

ఈ పట్టింపు వ్యక్తుల సరదాగా మిగిలిపోలేదు. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో పాత పడవల ప్రియులు సంఘం కట్టారు. 1981లో వచ్చిన ‘ఆన్ గోల్డెన్ పాండ్’ సినిమాలో హెన్రీ ఫోండా నడిపిన 1950 నాటి ఇరవై రెండు అడుగుల క్రిస్-క్రాఫ్ట్‌ను చూశాక, కొట్టాల్లో మూలపడిన పడవల మీద ఎందరికో కొత్తగా మనసు మళ్లింది.

క్రిస్-క్రాఫ్ట్ యజమానులకు ఒక అదృష్టం ఉంది. కంపెనీ రికార్డులు వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో, మెరైనర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పడవ నంబరు చెబితే అది ఏ ఇంజన్‌తో, ఎవరికి బయలుదేరిందో తెలిపే కార్డు నకలు దొరుకుతుంది. అయితే డీలర్లు అమ్మే ముందు అదనపు మీటర్లు బిగించడమూ ఉండేది. కార్డులో లేని మీటరు పలక మీద కనబడితే పనివాడు దాన్ని విప్పి, బొక్క అంచు చూస్తాడు. ఫ్యాక్టరీలో పూతకు ముందు తొలిచినదైతే ఆ అంచులోకీ పాత రంగు దిగి ఉంటుంది. తర్వాత తొలిచినదైతే పచ్చి చెక్క బయటపడుతుంది.