కాపలాకు కూలి ఓటేనా?

పశ్చిమ బెంగాల్లో 2008 మే నెల పంచాయతీ ఎన్నికల ఫలితాలు రాగానే ఒక మాట మొదలైంది. ముస్లింలు లెఫ్ట్ ఫ్రంటుకు చెయ్యిచ్చారని. ముప్ఫయ్యేళ్ళు కంటికి రెప్పలా కాపాడితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టారని. హిందూత్వవాదులు ఈ మాటంటే మాకు పట్టింపు లేదు. మనవాళ్ళనుకునే సెక్యులర్ మిత్రుల నోట కూడా ఇదే మాట, కాస్త మర్యాదగా, వినాల్సి వచ్చింది. విశ్వాసం లేకపోయిందన్నారు.

విశ్వాసం అనే మాట దగ్గరే మాకు పేచీ. విశ్వాసం యజమానికి నౌకరు చూపించేది. ఓటరు ఎవరికి నౌకరు? ఒక హిందూ రైతు పార్టీ మారితే ధరల గురించీ, కరెంటు గురించీ, భూమి గురించీ మాట్లాడతారు. ముస్లిం రైతు మారితే మాత్రం విశ్వాసం గురించి మాట్లాడతారు. ఎందుకిలా?

బెంగాల్ గొడవ తెలుగు ముస్లింలకెందుకు అంటారేమో. మాకు ఎర్రజెండా పరాయిది కాదు. విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకీడ్చి, ఆ పోరులోనే ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ మావాడు. మఖ్దూం మొహియుద్దీన్ మావాడు. భూమి కోసం లేచిన జెండా కింద మావాళ్ళ రక్తం ఉంది. ఆ జెండా ముప్ఫై నాలుగేళ్ళు ఏలిన చోట మావాళ్ళ బతుకు ఏమైందో అడిగే హక్కు మాకుంది.

ముందు చేసిన మంచి చెప్పుకుందాం. దాన్ని దాస్తే చరిత్ర కాదు. 1977 జూన్‌లో జ్యోతిబసు ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరక్కుండానే 1978 జూన్‌లో మూడంచెల పంచాయతీలకు ఎన్నికలు పెట్టారు. రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చింది 1992లో. అంతకు పద్నాలుగేళ్ళ ముందే బెంగాల్ పల్లెల్లో పేదోడు పంచాయతీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఏడే ఆపరేషన్ బర్గా మొదలైంది. పాలుకు సాగుచేసే రైతును అక్కడ బర్గాదారు అంటారు. భూస్వామి ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిన ఆ మనిషి పేరు సర్కారు రికార్డులోకి ఎక్కింది. విత్తనం, ఎరువు, ఎద్దులు తనే పెట్టుకుంటే పంటలో ముప్పావు వంతు అతనిదే అన్నారు. సాగు హక్కు అతని పిల్లలకు కూడా వస్తుందన్నారు. అలా 14 లక్షలకు పైగా పేర్లు ఎక్కాయి. సీలింగు మిగులు భూమి సుమారు 11 లక్షల ఎకరాలు పేదలకు పంచారు. తీసుకున్నవాళ్ళలో దళితులున్నారు, ఆదివాసులున్నారు, ముస్లింలున్నారు. దేశంలో మరే రాష్ట్రమూ ఇంత పని చెయ్యలేదు.

ప్రాణాల సంగతీ అంతే. 1989లో భాగల్పూర్, 1990 డిసెంబర్‌లో మా హైదరాబాదు, 2002లో గుజరాత్. వీటిని చూసినవాళ్ళకు బెంగాల్లో రాత్రిపూట నిద్రపట్టడం ఎంత పెద్ద విషయమో తెలుసు. ఆ నిద్ర విలువ మేం తక్కువ చెయ్యం.

మరి ఎక్కడ చెడింది?

పంచాయతీ దగ్గరే చెడింది. మన దగ్గర సర్పంచి ఎన్నికలో, కనీసం కాగితం మీదైనా, పార్టీ గుర్తుండదు. బెంగాల్లో గ్రామ పంచాయతీ సభ్యుడు కూడా పార్టీ గుర్తు మీదే నిలబడతాడు. మొదట్లో ఇది మంచికే పనికొచ్చింది. పేదోడికి ఊరి పెద్ద ఎదురైతే అతని వెనక పార్టీ ఉండేది. కాలం గడిచేకొద్దీ పంచాయతీ ఆఫీసుకీ పార్టీ ఆఫీసుకీ మధ్య గోడ పడిపోయింది. ఎవరికి ఇల్లు, ఎవరికి పని, పేదల జాబితాలో ఎవరి పేరు అన్నది పార్టీ లోకల్ కమిటీలో తేలేది. అన్నదమ్ముల పాలు, మొగుడూ పెళ్ళాల తగాదా కూడా అక్కడికే. ఇలాంటి పల్లెను పరిశోధకులు ‘పార్టీ సమాజం’ అన్నారు. భూస్వామి పోయిన చోట లోకల్ కమిటీ కూర్చుంది. చివరికి పోటీకి నిలబడేవాడు కూడా భయపడే స్థితి వచ్చింది. 2003 పంచాయతీ ఎన్నికల్లో పదింట ఒకటికి పైగా స్థానాలు పోటీ లేకుండానే తేలిపోయాయి. పోటీ లేకపోవడం ప్రేమకు గుర్తు అని నాయకులు అనుకున్నారు.

రాష్ట్ర సర్కారు మీద కోపం మనిషికి దూరంగా ఉంటుంది. పంచాయతీ మీద కోపం రోజూ గుమ్మం ముందు ఎదురవుతుంది. అందుకే ఏలే పార్టీ మీద తిరుగుబాటు ముందు స్థానిక ఎన్నికల్లోనే కనిపిస్తుంది. అసెంబ్లీలో ఎవరు గెలిస్తే సెక్యులరిజం బతుకుతుందని ఆలోచించే ముస్లిం, పంచాయతీ ఓటు దగ్గర మాత్రం తన రేషన్ కార్డు గురించి ఆలోచిస్తాడు. అతనూ మనిషే గనక.

2006 నవంబర్‌లో సచార్ కమిటీ నివేదిక బయటికొచ్చింది. బెంగాల్ జనాభాలో ముస్లింలు 25.2 శాతం. ఆ కమిటీకి అందిన లెక్కల్లో రాష్ట్ర సర్కారు నౌకరీల్లో వాళ్ళ వాటా 2.1 శాతం. వందలో పాతికమంది ఉన్నవాళ్ళకు వందలో రెండు నౌకరీలు. బెంగాల్ సర్కారు ఈ లెక్క సరికాదంది. కొంచెం అటూ ఇటూ చేసినా, పాతికకీ రెండుకీ మధ్య ఉన్న అగాధం పూడుతుందా? అదే నివేదికలో కేరళ జనాభాలో ముస్లింలు 24.7 శాతం, నౌకరీల్లో 10.4. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జనాభా 9.2, నౌకరీలు 8.8. మన దగ్గర అన్నీ బాగున్నాయని కాదు. బంట్రోతు పనులూ డ్రైవరు పనులూ చేసేవాళ్ళెంతమందో మాకు తెలుసు. అయినా కాంగ్రెసూ తెలుగుదేశమూ ఏలిన చోట దొరికినంత కూడా కమ్యూనిస్టులు ఏలిన చోట ఎందుకు దొరకలేదు?

జవాబు వాళ్ళ సిద్ధాంతంలోనే ఉంది. వర్గం తప్ప మరోటి లేదన్నారు. కులం అడిగితే వర్గం చీలుతుందన్నారు, మతం అడిగితే మతతత్వం అన్నారు. ముస్లింల లెక్క విడిగా తియ్యాలన్న ఆలోచనే రానివ్వలేదు. లెక్క తియ్యకపోతే లోటు కనపడదు కదా. పార్టీ పైమెట్ల మీద మాత్రం భట్టాచార్యలు, బసులు, దాస్‌గుప్తాలు కూర్చున్నారు. వాళ్ళ కులం వాళ్ళకు కనపడలేదు, మా మతం మాత్రం కనపడింది. ముస్లిం ప్రాణంతో ఉన్నాడు చాలదా అన్నదే లోలోపలి లెక్క. ప్రాణరక్షణ పౌరుడి హక్కు. దాన్ని ఉపకారంగా చూపించి, ఐదేళ్ళకోసారి ఓటు రూపంలో కూలి వసూలు చేశారు.

ఈ కూలి కూడా కట్టినన్నాళ్ళు కట్టారు. 2006 అసెంబ్లీ ఎన్నికల్లో లెఫ్ట్ ఫ్రంటుకు 294లో 235 స్థానాలొచ్చాయి. ఆ గెలుపు తలకెక్కింది. సింగూరులో టాటా కారు ఫ్యాక్టరీకి 997 ఎకరాలు సేకరించారు. సుమారు 400 ఎకరాలవాళ్ళు చెక్కులు తీసుకోమన్నారు. రికార్డుకెక్కిన బర్గాదారుకు భూమి విలువలో పాతిక శాతం ఇస్తామన్నారు. రికార్డుకెక్కని పాలురైతు, ఆ పొలాల్లో కూలికి పోయే మనిషి ఆ లెక్కలో లేరు. బర్గా ఉద్యమం నడిపిన పార్టీయే ఈ గీత గీసింది. ఆ సేకరణ చెల్లదని, భూమి తిరిగి ఇవ్వాలని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి పదేళ్ళు గడిచిపోయాయి.

సింగూరు తర్వాత నందిగ్రామ్. ముస్లింలూ దళితులూ పక్కపక్కనే సేద్యం చేసుకునే ప్రాంతం అది. ఇండోనేషియాకు చెందిన సలీం గ్రూపు రసాయనాల కేంద్రం కోసం అక్కడ భూములు పోతాయని 2007 జనవరి మొదట్లో నోటీసు పడింది. జనం రోడ్లు తవ్వేశారు, వంతెనలు తెంపేశారు. మార్చి 14న పోలీసులు ఊళ్ళోకి దిగి కాల్పులు జరిపారు. 14 మంది చనిపోయారు. నవంబర్‌లో పార్టీ మనుషులు ఆయుధాలతో వచ్చి ఊళ్ళను మళ్ళీ ‘స్వాధీనం’ చేసుకున్నారు. కంచే చేను మేయడమంటే ఇదే. మూకల నుంచి కాపాడతామన్న పార్టీయే మూకతో వచ్చింది.

అదే 2007 జూలై 28న మన ఖమ్మం జిల్లా ముదిగొండలో ఏం జరిగింది? భూమి ఇమ్మని అడిగిన పేదల మీద కాంగ్రెస్ సర్కారు పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పేదల వెంట నిలబడ్డది సీపీఎం. మార్చిలో భూమి ఇవ్వమన్నవాళ్ళ మీద సీపీఎం సర్కారు తూటా, జూలైలో భూమి ఇమ్మన్న సీపీఎం జనం మీద కాంగ్రెస్ తూటా. ఒకే జెండా, ఒకే ఏడు. ముదిగొండలో ఆ పార్టీ చెప్పింది న్యాయం. ఆ న్యాయాన్ని నందిగ్రామ్‌కు తీసుకెళ్ళలేకపోవడమే దాని పతనం.

ఆ ఏడు బెంగాల్‌కు మంచి ఏడు కాదు. శరదృతువులో బంకురా, బీర్భూమ్, బర్ద్వాన్ జిల్లాల్లో జనం రేషన్ డీలర్ల మీద పడ్డారు. తిండిగింజలు నల్లబజారుకు పోతున్నాయని పల్లె పల్లె లేచింది. సెప్టెంబర్‌లో, ధనవంతుల ఇంటి హిందూ అమ్మాయిని పెళ్ళిచేసుకున్న ఒక ముస్లిం యువకుడి శవం కలకత్తా రైలుపట్టాల పక్కన దొరికింది. ఆ ఆలుమగలను విడదీయడంలో పోలీసు అధికారుల పాత్ర మీద జనం రోడ్డెక్కాక పోలీసు కమిషనర్ను తప్పించారు. ఇక నవంబర్ 21న నందిగ్రామ్ గురించీ తస్లీమా నస్రీన్ గురించీ కలిపి కొందరు చేసిన ఆందోళన గొడవల్లోకి దిగింది. సైన్యాన్ని పిలిచారు. మర్నాటికల్లా తస్లీమాను రాష్ట్రం దాటించారు. ఏడాదిగా నందిగ్రామ్ రైతు మొర వినని సర్కారు, మతపెద్దల కోరిక ఒక్క రోజులో తీర్చింది. ఇదెవరి మేలుకు? ముస్లిం అంటే మసీదు ముందు అరిచే నాయకుడని వాళ్ళనుకున్నారు. పొలంలో నిలబడ్డ ముస్లిం వాళ్ళకు కనపడలేదు.

ఆ పొలంలో నిలబడ్డవాళ్ళే 2008 మేలో ఓటేశారు. 17 జిల్లా పరిషత్తుల్లో 13 లెఫ్ట్ ఫ్రంటుకే వచ్చాయి. కానీ నందిగ్రామ్ ఉన్న తూర్పు మిడ్నాపూరు, దాంతోపాటు దక్షిణ 24 పరగణాలు తృణమూల్‌కు పోయాయి. మాల్దా, ఉత్తర దినాజ్‌పూర్ కాంగ్రెస్‌కు పోయాయి. గ్రామ పంచాయతీల్లో ఎదురుదెబ్బ ఇంకా పెద్దది.

‘ముస్లిం ఓటు బ్యాంకు’ అనేవాళ్ళు ఇక్కడొక్క క్షణం ఆగాలి. బెంగాల్లో ముస్లింలు అందరికంటే ఎక్కువున్న జిల్లా ముర్షిదాబాద్. 2001 జనగణన ప్రకారం 63 శాతానికి పైగా. ఆ జిల్లా పరిషత్తు 2003లో కాంగ్రెస్‌ది. 2008లో లెఫ్ట్ ఫ్రంటు దాన్ని తిరిగి గెలుచుకుంది! ముస్లింలంతా ఒక్క మాట మీద తిరగబడి ఉంటే ఇది ఎలా సాధ్యం? ముర్షిదాబాద్‌లో పంచాయతీ నడిపి కోపం తెచ్చుకున్నది కాంగ్రెస్. తూర్పు మిడ్నాపూరులో భూమి మీద చెయ్యేసింది లెఫ్ట్. ఎవరు మీద కూర్చుంటే వాళ్ళను దించారు. నందిగ్రామ్‌లో ముస్లిం, దళిత రైతులు కలిసే ఓటేశారు. 2009 జనవరి ఉప ఎన్నికలో ఆ కాల్పుల్లో కొడుకును పోగొట్టుకున్న ఫిరోజా బీబీని గెలిపించారు. ఒక తల్లిని గెలిపించిన ఊరిని మతం పేరుతో లెక్కగట్టడం ఏం న్యాయం?

దెబ్బ తగిలాక మందు వెతికారు. 2010 ఫిబ్రవరిలో ముస్లింలలోని వెనకబడినవాళ్ళకు నౌకరీల్లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. మన రాష్ట్రంలో 2007లోనే వెనకబడిన ముస్లింలకు 4 శాతం చట్టం వచ్చింది. ముప్ఫైరెండేళ్ళు మతం లెక్క తియ్యనన్న పార్టీకి ముప్ఫైమూడో ఏట లెక్క దొరికింది. అదే ఏడు మేలో కలకత్తా కార్పొరేషన్ 141 వార్డుల్లో 95 తృణమూల్‌కు పోయాయి. 2011లో అసెంబ్లీలో లెఫ్ట్ ఫ్రంటు 62కి దిగింది. 2021లో సున్నా. ఇంత పతనానికి మేం సంతోషించడం లేదు. పేదోడి పేరు రికార్డుకెక్కించిన పార్టీ సభలో లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. దాన్ని ఎవరు నింపుతారో 2021లోనే చూశాం. ఆ ఎన్నికల్లో బీజేపీకి 77 వచ్చాయి.

దించినంత మాత్రాన ముస్లింకు అందలం దొరకలేదు. కొత్త సర్కారు 2012లో ఇమాములకు నెలకు 2,500 రూపాయల భత్యం ప్రకటించింది. మళ్ళీ మసీదు గుమ్మమే, మళ్ళీ నౌకరీ ఊసు వెనక్కే. 2018 పంచాయతీ ఎన్నికల్లో మూడింట ఒక వంతు స్థానాలు పోటీ లేకుండా తేలాయి. 2003 నాటి జబ్బు మూడింతలైంది. లోకల్ కమిటీ పోయింది, దాని కుర్చీ మిగిలింది.

కమ్యూనిస్టు మిత్రులకు మేం చెప్పేది ఇంతే. మీరు భూమి ఇచ్చినప్పుడు మావాళ్ళు మీకు ఓటేసింది రైతులుగా. భూమి గుంజుకోబోయినప్పుడు మిమ్మల్ని దించింది కూడా రైతులుగానే. మధ్యలో మమ్మల్ని ముస్లింలుగా గుర్తించాల్సింది నౌకరీల దగ్గర, బడి దగ్గర, పార్టీ కమిటీల దగ్గర. అక్కడ గుర్తించలేదు. ఓడిపోయాక గుర్తించారు.

ఇక తిన్నింటి వాసాల సంగతి. ఆ ఇల్లు ఎవరిది? దాని కింద భూమి బర్గాదారుది, పైన కప్పు కూలివాళ్ళది. సొంత ఇంటి వాసాలు లెక్కపెట్టుకోవడం ద్రోహం కాదు. చెదపట్టిన వాసం ఏదో చూసుకోవడం ఇంటివాడి పని.