పోలీసు, ఫైర్ వైర్‌లెస్‌లో సంకేత స్వరాలు

పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బంది వైర్‌లెస్ సెట్లలో మాటకు ముందో, వెనకో, మాట అడుగునో వినిపించే కూతలు, బీప్‌లు, కిచకిచలే సంకేత స్వరాలు. ఎవరిని నిద్ర లేపాలి, బటన్ నొక్కిందెవరు, ఏ ఛానల్ మీద ప్రసారం చేయాలి అని ఒక యంత్రం మరో యంత్రానికి చెప్పే మాటలివి. అమెరికాలో అనలాగ్ సెట్లతో పాటే ఇవి పెరిగాయి. అక్కడి చిన్న ఊళ్లలో చాలా ఫైర్ స్టేషన్లకు ఇప్పటికీ వీటితోనే పిలుపు అందుతుంది.

వినగానే స్వరం స్థాయి (పిచ్) వెతకబోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఆ స్వరం ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, వెంటనే ఏం జరిగింది అని చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది జంట స్వరాల పిలుపు. మోటరోలా దీనికి పెట్టిన పేరు క్విక్ కాల్ టూ. మొదటి స్వరం 1 సెకను, దాన్ని ఆనుకుని రెండోది 3 సెకన్లు, ఆపైన కంట్రోల్ రూమ్‌లోని డిస్పాచర్ గొంతు. వాలంటీరు ఫైర్‌మన్ నడుముకున్న పేజర్ రోజంతా ఛానల్ వింటూనే ఉంటుంది, నోరు మాత్రం మెదపదు. తన రెండు స్వరాలూ తన వరసలోనే వస్తే స్పీకర్ తెరుచుకుంటుంది. వరస తిరగబడితే అది ఇంకెవరికో పిలుపు. ఒకే స్వరం 8 సెకన్లు సాగితే గుంపు మొత్తానికి పిలుపన్నమాట.

ఏ స్టేషన్‌ను పిలిచారో తేల్చాలంటే మాత్రం స్థాయి కొలవక తప్పదు. ఒక వరసలో 349.0, 368.5, 389.0, 410.8 హెర్ట్జ్ అంటూ స్వరాలు పైకి పోతాయి. పక్కపక్క వాటి మధ్య దూరం మన సంగీతంలోని ఒక స్వరస్థానం కన్నా కాస్త తక్కువే. శ్రుతి పట్టిన చెవికి కూడా ఒంటరిగా వినిపించిన స్వరం 368.5దో 389.0దో చెప్పడం కష్టం. రికార్డు చేసి కంప్యూటర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తీస్తే దాపరికం ఉండదు: ఒక పొట్టి గీత, దాన్ని తాకుతూ పైనో కిందో మూడింతల పొడవు గీత, ఆ తర్వాత గొంతు గీసిన అలలు.

జర్మనీ ఫైర్ సర్వీసు అనలాగ్ పిలుపులో ఐదు స్వరాలు, ఒక్కోటి 70 మిల్లీసెకన్లు. ఒక్కో స్వరం ఒక్కో అంకె. ఒకే అంకె వెంటవెంటనే వస్తే రెండోసారి దాని బదులు 2600 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది.

అధికారి మాట మొదట్లోనో చివర్లోనో అర సెకనైనా నిలవని కిచకిచ వస్తే అది చాలావరకు ఎండీసీ 1200, అంటే ఆ సెట్టు గుర్తింపు సంఖ్య. ఆపద బటన్ నొక్కినా ఇదే పద్ధతిలో కబురు వెళుతుంది. కెన్‌వుడ్ వారి ఫ్లీట్‌సింక్ కూడా 1200, 1800 హెర్ట్జ్‌లనే వాడగలదు కాబట్టి చెవి మీద నమ్మకంతో పేరు పెట్టడం తప్పు. డీకోడర్ సాఫ్ట్‌వేరే తేల్చాలి.

పాట కింద తంబురాలా మాట కింద ఎడతెగకుండా మోగేది సీటీసీఎస్ఎస్. ఎక్కువగా 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సెట్టులోని ఫిల్టరు దాన్ని వడగడుతుంది కనుక మామూలుగా వినపడదు. ఫిల్టరు బలహీనమైతే గొంతు అడుగున సన్నటి హమ్ తోస్తుంది. దాన్ని కరెంటు హమ్ అనుకుని వైర్లు వెతికేవాళ్లుంటారు. మాట ఆగగానే అదీ ఆగితే అనుమానించాల్సింది సీటీసీఎస్ఎస్‌నే.

డిస్పాచర్ గొంతు కింద మాత్రమే సన్నటి ఈల వినిపించి, గస్తీ కారు నుంచి మాట్లాడేటప్పుడు వినిపించకపోతే అది 2175 హెర్ట్జ్ గార్డ్ టోన్. దూరాన ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను డిస్పాచర్ ముందున్న కన్సోల్ దాంతోనే పట్టి ఉంచుతుంది. గాలిలోకి వెళ్లే ముందు దాన్ని కోసేసే ఫిల్టరు గాడి తప్పితే ఇలా బయటపడుతుంది.

ఖాళీ ఛానల్‌ను కంప్యూటరే కేటాయించే ట్రంకింగ్ సెట్లలో మాట్లాడవచ్చని చెప్పే చిట్టి బీప్‌లు ప్రసారమయ్యేవి కావు. బటన్ నొక్కినవారి సెట్టే వాటిని పలుకుతుంది. స్కానర్‌లో అవి వినిపించాయంటే పక్కనున్న ఇంకో సెట్టు బీప్‌ను మైకు పట్టుకుందని అర్థం.